ఈ.ఈ. గారు చేయని సంతకం

2003 వేసవిలో నేను తాడిపత్రిలో, తాగునీటి పనులు చూసే ఒక డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేరాను. ఇంజనీర్లు బోర్లూ పైపులూ చూసుకుంటారు. సూపరింటెండెంటు చూసేది కాగితాన్ని. గుమాస్తా రాసిన చిత్తును సరిచూసి, అధికారి ముందు పెట్టి, సంతకం అయ్యాక పైకి పంపడం నా పని. సంతకం లేని కాగితం మా దృష్టిలో బజ్జీల పొట్లానికి తప్ప దేనికీ కొరగాదు.

ఆ ఏడే మా ఆఫీసుకు కంప్యూటరూ ఈమెయిలూ వచ్చాయి. వాటి కోసం నూర్జహాన్ అనే ఆమెను కాంట్రాక్టు మీద ఆపరేటరుగా తీసుకున్నారు. రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో దెబ్బ తగిలి భర్త ఇంట్లోనే ఉండేవాడు. ఇద్దరు పిల్లలున్న ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

మా అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వెంకటరాముడు గారు. అందరం ఈ.ఈ. గారనేవాళ్లం. మెయిల్ వచ్చిన కొత్తలోనే ఆయన నూర్జహాన్‌ను పిలిచి, "ఏమమ్మా, మెయిల్ పోతాంది గానీ ఎవరు పంపినారో కింద ఉండదే. నా పేరు, హోదా, ఫోన్ నంబరు వచ్చేటట్టు చెయ్" అన్నారు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి, సిగ్నేచర్ అని ఉన్న చోట నాలుగు వరుసలు టైపు చేసింది. ఇక ఏ మెయిల్ రాసినా ఆ నాలుగు వరుసలూ వాటంతట అవే అడుగున వచ్చి కూర్చునేవి. మొదట పేరుకు ముందు "సం/-" అని కూడా కొట్టింది. అసలు కాగితం మీద సంతకం ఉందని తెలపడానికి నకళ్ల మీద వేసే గుర్తు అది. ఈ.ఈ. గారు పకపకా నవ్వి, "అసలే లేనప్పుడు నకలు యాడిదమ్మా?" అని దాన్ని తీయించారు.

మే నెలలో, యాడికి వైపు ఒక ఊళ్లో బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్లు కావాలి అని అక్కడి అసిస్టెంటు ఇంజనీరు రాశాడు. ఈ.ఈ. స్వయంగా ఊరు చూసి సంతకం చేస్తేనే జిల్లా ఆఫీసు ట్యాంకర్లు మంజూరు చేయాలన్నది నియమం. ఆయనేమో వేరే ఊళ్ల పనులు చూడడానికి క్యాంపు వెళ్లారు. ఇలాంటప్పుడు చిత్తును ముందుగా జిల్లా ఆఫీసు గుమాస్తాకు చూపించి అంకెలు సరిచూసుకోవడం మా అలవాటు. కాగితాల రోజుల్లో దానితో ఏ చిక్కూ రాలేదు. చిత్తు మీద సంతకం ఉండదు కదా! నేను చెప్పగా నూర్జహాన్ ట్యాంకర్ల సిఫారసు చిత్తును మెయిల్లో పంపింది. అడుగున ఆ నాలుగు వరుసలూ వెళ్లాయి. అది ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

జిల్లా ఆఫీసు దాన్ని ఈ.ఈ. సిఫారసుగానే తీసుకుంది. మరునాటికల్లా ఊళ్లోకి ట్యాంకర్లు వచ్చేశాయి. తర్వాత అక్కడివాళ్లు ఈ.ఈ. సంతకం ఉన్న ప్రతి కోసం వెతికితే లేదు. ఈ.ఈ. గారు క్యాంపు నుంచి వచ్చేసరికి జిల్లా అధికారి ఫోన్ సిద్ధంగా ఉంది. ఆ మెయిల్ తాను పంపలేదని ఈ.ఈ. గారు రాసిస్తే చాలు, ట్యాంకర్లు ఆపేసి ఆపరేటరును తీసేస్తామని దాని సారాంశం.

"కావాలని చేసింది కాదు సార్. ఈ పని పోతే పిల్లోళ్లకు ఏం పెట్టాల?" అని నూర్జహాన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. నియమం ప్రకారం ఉపసంహరణ లేఖ ఒక్కటే దారి అని నేను చెప్పాను. అలా చెప్పడానికే నాకు జీతం. ఈ.ఈ. గారు అంతా విని, "ముందు ఊరు చూసొద్దాం పదప్పా" అని జీపెక్కారు.

ఊళ్లో ప్రతి చేతిపంపునూ ఆయనే కొట్టి చూశారు. ఒక్కదాంట్లోనూ చుక్క రాలేదు. ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ ఒక ముసలామె, "ఏమప్పా, ఇంగా నాలుగు దినాలు పోనిచ్చి రావల్సింది. ఊర్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు, నీకూ పని తప్పుతాండె" అని దెప్పింది. ఆయన కోప్పడలేదు. "నిజమే అవ్వా" అన్నారు.

ఆఫీసుకు తిరిగి రాగానే నూర్జహాన్ పక్కన కుర్చీ వేసుకుని, జిల్లా అధికారికి జవాబు చెప్పి టైపు చేయించారు: "ఆ మెయిల్ కింద పేరు నాది. పెట్టించినది నేను. నేను చూడకముందే అది వెళ్లింది. ఇప్పుడు ఊరు చూశాను, అందులో రాసినది నిజం. ట్యాంకర్లు కొనసాగించగలరు. తప్పు ఏదైనా ఉంటే అది నాది." పంపబోయే ముందు నా వైపు తిరిగి, "కింద నా పేరు వచ్చిందేమో చూడప్పా" అన్నారు. వచ్చింది.

వానలు పడేదాకా ట్యాంకర్లు తిరిగాయి. నూర్జహాన్ ఉద్యోగం నిలిచింది. ఈ.ఈ. గారికి మాత్రం సంజాయిషీ మెమో వచ్చింది, ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. ఆ మాట ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు. చిత్తులు పంపేటప్పుడు ఆ నాలుగు వరుసలు చెరిపేయాలని మాకు చెప్పి ఊరుకున్నారు. ఆ మనిషంటే నాకు ఈనాటికీ గౌరవం.

కాగితం సక్రమంగా ఉంటే బాధ్యత తీరిపోయినట్టేనని నేర్చుకున్న ఉద్యోగం నాది. కింద పేరున్న మనిషి నిలబడకపోతే ఎంత సక్రమమైన కాగితమూ ఎవరికీ అక్కరకు రాదని ఆ వేసవిలో తెలిసింది. సిరాతో తాము చేసిన సంతకాన్నే మాది కాదన్న అధికారులను తర్వాత చాలామందిని చూశాను. చేయని సంతకాన్ని నాదేనన్నవారిని ఆయనొక్కరినే చూశాను.