పోగులతికే చేతులు

గద్వాల దవాఖానలో నేను పనిచేసిన రోజుల్లో కీళ్ళ నొప్పి ఒక జబ్బే కాదు. ముసలామె వస్తే "వయసమ్మా" అనాలి, వయసులో ఉన్నామె వస్తే "పని ఎక్కువైంది" అనాలి, ఇద్దరికీ అదే నొప్పి బిళ్ళ రాయాలి. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసి వచ్చినదాన్ని కాబట్టి నాకు అంతకంటే కొంచెం ఎక్కువ తెలుసు. ఆ కొంచెంతోనే వచ్చింది తంటా. ఇటు వనపర్తి పోయినా, అటు మా నాన్న బట్టల దుకాణం ఉన్న నాగర్‌కర్నూల్ పోయినా, కీళ్ళ జబ్బుల కోసమే చదివిన డాక్టరు నాకు ఒక్కరూ కనబడలేదు.

అంతలో చికున్‌గున్యా వచ్చింది. ధరూర్ వైపు నుంచి షేర్ ఆటోల్లో మనుషుల్ని బస్తాల్లాగా ఎత్తి దింపేవారు. ఊళ్ళకు ఊళ్ళే కుంటుపడ్డాయి. నెల, రెండు నెలలు మూలిగి చాలామంది లేచారు. ఒకామె మాత్రం లేవలేదు.

ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇంట్లో మగ్గం భర్తది. ఆమెది అతుకు పని. మగ్గం మీది నిలువు పోగుల వరుస, అదే పడుగు, ఒకటి అయిపోగానే పాత పోగు కొసకు కొత్త పోగు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలేసి కలపాలి. అట్లా పడుగు మొత్తం, ఒక్కొక్క పోగు. వీధిలో ఎవరి మగ్గం ఆగినా ఆమెకే కబురొచ్చేది. ఆమె అతికిన చోటు చేత్తో తడిమినా తెలియదని వాళ్ళ అత్తే చెప్పింది. అత్త నోటి నుంచి మెప్పు రావడమంటే మాటలా!

"అందరికీ గున్యా తగ్గె, నాకెందుకు తగ్గలే? నేనేం పాపం జేసినమ్మా?" అంది నా ముందు రెండు చేతులూ పెట్టి. "పొద్దుగాల లేస్తే పిడికిలి పట్టరాదు. జర పొద్దెక్కినంక ఇడుస్తది."

రెండు చేతుల వేళ్ళ మొదళ్ళూ ఒకే తీరుగా వాచి ఉన్నాయి. అది గున్యా కాదని నా మనసుకు తెలుస్తోంది. రుమటాయిడ్ కీళ్ళవాతం ఏమోనని రక్తం పట్నం పంపించాను. ఆ రిపోర్టు రాకముందే నాకు కీళ్ళ జబ్బుల చదువు, రుమటాలజీ ఫెలోషిప్‌లో సీటు వచ్చింది. రెండేళ్ళు చదువు. ఎన్ని నెలల నుంచో మొక్కుకుంటున్న సీటు.

"నీలాంటోళ్ళ చేతులు బాగుచేసుడు నేర్చుకోను పోతున్న అక్కా. నా జాగాలో ఇంకొక డాక్టర్ వస్తరు. ఈ చీటీ చూపెట్టు, ఏం జెయ్యాల్నో అన్నీ రాసిన."

"పోయిరా తల్లీ. జల్ది నేర్చుకొనిరా."

నా జాగాలో ఎవరూ రాలేదు. రెండేళ్ళూ ఆ కుర్చీ ఖాళీ. ఆమె రిపోర్టు వచ్చినా చూసేవాళ్ళు లేరు. గద్వాలకు పోస్టింగ్ వేస్తే కాళ్ళావేళ్ళా పడి రద్దు చేయించుకునే మహానుభావులున్న కాలం అది. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పట్నంలో మాకు మొదట్లోనే నేర్పిన పాఠం ఏమిటంటే, ఈ జబ్బు ఎముకను తినేది మొదటి నెలల్లోనే. అప్పుడే పట్టుకొని సరైన మందు ఇస్తే వేళ్ళు దక్కుతాయి. వంకర పోయాక మందు నొప్పిని తగ్గిస్తుంది గాని వేళ్ళను తిరిగి ఇవ్వదు. క్లాసు అయీ కాగానే గద్వాలలో వాళ్ళ వీధిలోని ఫోన్ బూత్‌కు చేసి ఆమెను పిలిపించాను.

"నాకేమైందమ్మా, మంచిగున్న!" అంది. గొంతులో ఎంత సంబరమో. "మా ఆర్‌ఎంపీ సూదేస్తుండు. ఏసిన నాడు గాల్ల తేలినట్టుంటది. నిన్న రెండు ఇండ్లల్ల అతుకు జేసొచ్చిన."

స్టెరాయిడ్ సూది. నొప్పి తెలియనీయదు, లోపల జబ్బు మాత్రం ఎముకను తింటూనే ఉంటుంది. ఫోన్‌లోనే అరిచాను, బతిమాలాను, తిట్టాను. నొప్పి లేని మనిషిని పనులన్నీ వదులుకొని పట్నం రమ్మంటే ఎవరొస్తారు? నేనైనా వస్తానా? "పరేషాన్ గాకు, వస్తలే" అని ఫోన్ పెట్టేసింది.

వచ్చింది, ఏడాది దాటాక. నాలుగు వేళ్ళూ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి, గాలివానకు ఒరిగిన జొన్న చేనులాగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మా ప్రొఫెసర్ ఆ చేతుల్ని వెలుగులో తిప్పి తిప్పి చూసి మురిసిపోయారు. "క్లాసిక్ హ్యాండ్స్! పరీక్షకు ఈమెను తప్పకుండా పిలిపించండి." మంచి మనిషే ఆయన. అయినా ఆ క్షణాన ఆయన చెంప పగలగొట్టాలనిపించింది.

మందులు మొదలుపెట్టాం. వాపు దిగింది, నొప్పి తగ్గింది. వేళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా నన్ను ఆటపట్టించేది. "నా వేళ్ళ గురించి పాసు గానోళ్ళనేం అడుగుతం తీ! ముందు పాసు గా, అప్పుడు నీ సంగతి జెప్త." నేనూ నవ్వేదాన్ని.

పరీక్షనాడు చీటీ తీస్తే నాకు ఆమె పడుకున్న మంచమే వచ్చింది. జబ్బు పేరు చెప్పొద్దని పేషెంట్లకు ముందే గట్టిగా చెబుతారు. ఆమె ఇంకో అడుగు ముందుకేసి, నేనెవరో తెలియనట్టు పైకప్పు చూస్తూ పడుకుంది. "పేరేంటమ్మా, ఏ ఊరు?" అని నేను అడిగితే కొత్తవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. పిడికిలి పట్టమంటే పళ్ళు బిగించి, కళ్ళ నీళ్ళొచ్చే దాకా పట్టబోయింది. నన్ను పాసు చేయించడానికి ఆ ప్రాణం పడిన కష్టం చూస్తుంటే నేను చెప్పాల్సిన ఇంగ్లీషు తడబడింది.

పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్ అన్నీ విని చివరికి ఒకటే అడిగాడు. "మొదట్లోనే ఈమెను చూసిన డాక్టరు ఎవరూ లేరా?"

"ఉండేది సార్. అనుమానం కూడా పడింది."

"మరి ఏమైంది?"

"రుమటాలజీ చదవడానికి వెళ్ళిపోయింది సార్."

ఆయన నేను హాస్యమాడాననుకొని పెద్దగా నవ్వాడు. నేను పాసయ్యాను.

ఫలితాలు వచ్చాక మళ్ళీ గద్వాలలోనే చేరాను. చేరిన వారంలోనే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూడగానే "మా డాక్టరమ్మ పాసైంది" అని వీధి వీధంతా వినబడేటట్టు అరిచింది. అత్త చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

మగ్గం ఆగి ఉంది. అయిపోయిన పడుగు కొసలు వేలాడుతున్నాయి, ఎదురుగా కొత్త పడుగు చుట్టి తయారుగా పెట్టారు. పక్కన చిన్న గిన్నెలో బూడిద, పోగు జారకుండా వేళ్ళకు పూసుకునేది.

"అతుకు ఎవ్వరితోని పెట్టియ్యలేదక్కా?" అన్నాను.

"మా ఆయన ఎవర్నన్న పిలుస్తనంటే నేనే ఆపిన," అని నా పక్కన కూర్చొని రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టింది. ముఖంలో ఎక్కడా పరాచికం లేదు. ఇన్నాళ్ళూ ఆ మాటల్లోనూ లేదని నాకు అప్పుడే తెలిసింది. "పాసైనవ్ గదమ్మా. ఇగ బాగుజెయ్యి."

నేను ఆ చేతులు పట్టుకున్నాను. రెండేళ్ళు నేను నేర్చుకున్నదంతా ఆ వేళ్ళలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇవి గిట్లనే ఉంటయక్కా. నొప్పి రాకుండ చూస్త. వేళ్ళు మాత్రం సక్కగ కావు."

ఆమె ఆ వంకర వేళ్ళతోనే నా చేయి నిమిరింది. తర్వాత మెల్లగా, నాకు ధైర్యం చెబుతున్నట్టు అడిగింది.

"నువ్వు పాసు గావాల్సిన పరీక్ష ఇంకోటున్నదా అమ్మా?"

"లేదక్కా," అన్నాను. "ఇదే ఆఖరుది."