పాలకేంద్రంలో బోర్డు తిప్పింది నేను కాదు

2001వ సంవత్సరం. జమ్మలమడుగు దాటి పెద్దముడియం వైపు పోతే ఒక ఊరు. ఊళ్లో రెండు వర్గాలు, రెండు పార్టీల జెండాలు, నడుమ ఒకటే పాలకేంద్రం. మగవాళ్లు అవతలి వీధిలోకి అడుగు పెట్టేవాళ్లు కాదు. పాలు పోయడానికి రెండు వైపుల నుంచీ ఆడవాళ్లే వచ్చేవాళ్లు.

పాలను తూచి, పరీక్షించే యంత్రాలు తయారుచేసే ఒక చిన్న హైదరాబాదు కంపెనీలో నేను ప్రొడక్ట్ మేనేజర్‌ని. నా ఉద్యోగం ఏమిటో అప్పట్లో మా ఇంట్లోవాళ్లకే అర్థమయ్యేది కాదు. యంత్రాన్ని ఇంజనీర్లు చేస్తారు, సేల్స్ వాళ్లు అమ్ముతారు. అది ఎవరికోసం, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది తేల్చేవాడు ప్రొడక్ట్ మేనేజర్. నా కింద మహబూబ్ బాషా అసోసియేట్. ప్రొద్దుటూరులో నగలకు మెరుగుపెట్టే ఇంట్లో పుట్టినవాడు. అసోసియేట్ అంటే మొదటి మెట్టు. ఊళ్లు తిరగాలి, యంత్రం వాడేవాళ్లను చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి.

మా యంత్రంలో నాకు గర్వకారణం దాని డిస్‌ప్లే బోర్డు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో ఎర్రటి అంకెల్లో వీధి వీధంతా కనపడేది. అంతకుముందు తూకం దగ్గర రోజూ గొడవలే. బోర్డు పెట్టాక సద్దుమణిగాయి.

ఒక పొద్దున లక్ష్మీదేవి అనే ఆమె పాలు పోసింది. అంకె పడగానే, అవతలి వర్గం అరుగు మీద కూర్చున్న ఒకాయన గట్టిగా పలకరించాడు.

“ఏం వదినా, లీటరు తగ్గిందే! ఇంటికి చుట్టాలొచ్చినారా?”

అరుగు మీదివాళ్లు నవ్వారు. సరసమనుకుని నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. క్యాను కడుక్కుని నా దగ్గరికొచ్చింది.

“అప్పా, ఆ అంకెలు లోపలికి తిప్పేకి కాదా?”

“అందరికీ కనపడాలనే కదమ్మా పెట్టింది.”

“నా పాలు నాకు కనపడితే సాలు. అందరికీ యాలప్పా?”

నీళ్లు కలిపే రకమేమో అనుకున్నాను. మళ్లీ వెళ్లేసరికి ఆమె పోసేటప్పుడు కేంద్రం అతను బోర్డు మీద తువాలు కప్పుతున్నాడు. ఆమె బతిమాలుకుందట. ఆ తువాలు నా చేత్తోనే తీసేశాను. ఆ తర్వాత ఆమె పాలు తగ్గలేదు. సమస్య తీరిందనుకున్నాను.

బాషా అలా అనుకోలేదు. ఆమె ఇంటికి పోయాడు. తిరిగొచ్చి జమ్మలమడుగు బస్టాండులో నన్ను పక్కకు పిలిచాడు.

“సార్, వాకిట్లో పాలిచ్చే ఎనుముంది. నాకు మాత్రం పాలు లేని టీ ఇచ్చింది. పిల్లోళ్లు గూడా అదే తాగుతాండారు. లోపల ఎవురో దగ్గినారు.”

బాషా అడిగితే ఆమే చెప్పిందట, లోపల ఉన్నది తన భర్త ఓబులేసు అని. ఒక నాయకుడికి జీపు తోలేవాడు. ఇక ఈ కొట్లాటలు వద్దని మానేశాడు. మానేసినా అవతలివాళ్లు వదల్లేదు. లింగాల దగ్గర ఎవరి తోటలోనో దాక్కుని, టైఫాయిడ్ వచ్చి, నిలబడలేని స్థితిలో దొంగచాటుగా ఇల్లు చేరాడు. ఇంట్లో ఒక మనిషి పెరిగితే పాలు ఒక లీటరు తగ్గుతాయి. అరుగు మీదివాళ్లు చూస్తున్నది ఆ లీటరునే. అందుకని జబ్బు మనిషికీ, పిల్లలకీ చుక్క ఉంచకుండా ఆమె మొత్తం తెచ్చి పోస్తోంది, అంకె కదలకుండా.

“బోర్డు తిప్పుదాం సార్,” అన్నాడు బాషా.

“ఒక్క ఇంటి కోసం ప్రొడక్ట్ మారుస్తామా? మన కస్టమర్ డెయిరీ. ఆమె కాదు.”

“ఆమె పోయకుంటే డెయిరీకి పాలు యాడివి సార్?”

కోపం తెచ్చుకున్నాను. ఆ ఏడాది అతని అప్రైజల్‌లో, అంటే పనితీరు మీద పై అధికారి రాసే తీర్పులో, “ఒక్కొక్కరి కష్టానికి కరిగిపోతాడు, పై మెట్టుకు ఇంకా పనికిరాడు” అని రాశాను.

నేను వద్దన్నా బాషా స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డు లోపలికి తిప్పేశాడు. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి తప్ప ఎవరికీ కనపడదు. “తిప్పేసినా సార్, తిట్టుకోండి,” అని తనే చెప్పాడు. మళ్లీ వీధి వైపు పెట్టించడానికి నేను మండిపడుతూ వెళ్లాను. క్యూలో ఉన్న ఆడవాళ్లు, రెండు వర్గాలవాళ్లూ, దాన్ని కదలనివ్వలేదు.

అవతలి వర్గం పెద్దామె ఒకతి చెంబు పట్టుకుని మీదికొచ్చింది. “మా కోడలు కాన్పయినాది. ఇన్ని పాలు ఇంట్లో పెట్టుకుంటే వీధి వీధే లెక్క జెప్తాండాది. తిప్పితే నీకేంది నొప్పి? మా సట్టిలోకి తొంగి సూసేకి నువ్వెవుడు?”

వెనక్కి వచ్చేశాను. ఆ ఊళ్లో పాలు పోసే ఇళ్లు పెరిగాయి. డెయిరీవాళ్లు అన్ని కేంద్రాల్లోనూ అలాగే కావాలన్నారు. హైదరాబాదు మీటింగులో, “ఊళ్లో ఇది గమనించి మార్పించాను,” అని నిలబడి చెప్పాను. వెనక వరుసలో బాషా కూర్చుని ఉన్నాడు. నేను సీనియర్‌నయ్యాను. అతను మరుసటేడు కువైట్ వెళ్లిపోయాడు. కంపెనీలో ఇప్పటికీ కొత్తవాళ్లకు ఈ సంగతి నా పేరుతోనే చెబుతారు.

ఈమధ్య, ఏ స్థాయిలో ఏ నైపుణ్యం కావాలో కొత్తవాళ్ల కోసం రాయమని నన్నే అడిగారు. యాభై దాటిన మనిషిని కదా, సులువనుకున్నాను. అసోసియేట్‌కు కళ్లూ చెవులూ కావాలని రాశాను. ప్రొడక్ట్ మేనేజర్ అయితే యంత్రం ఎవరికి మేలు చేస్తుందో చూస్తే చాలదు, ఎవరిని పట్టిస్తుందో కూడా చూడాలని రాశాను. పై మెట్టు దగ్గర కలం ఆగిపోయింది. అక్కడ కావలసింది, కిందివాడు చెప్పింది వినడం, నిజమైతే అతని పేరుతోనే పైకి చేర్చడం. ఆ మెట్టు నేను ఆ రెండూ లేకుండానే ఎక్కాను.

బాషా కువైట్ నుంచి తిరిగొచ్చి పులివెందులలో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. క్షమించమన్నాను.

“ఓబులేసు బాగయినాడు సార్,” అన్నాడు బాషా. “పెద్దోళ్లు రాజీ చేసినాక బయటికొచ్చినాడు. జమ్మలమడుగులో ఆటో తోల్తాండాడు. మీరు ఎప్పుడూ అడగల్యా.”

“అడగలేదు. బోర్డు తిప్పింది నువ్వని ఇప్పుడు రాస్తాను బాషా.”

“రాయండి సార్. కానీ వాళ్ల పేర్లు మార్చండి. ఇంకా ఆ ఊళ్లోనే ఉండారు.”

పేర్లు మార్చాను. అతనిది మాత్రం మార్చలేదు.