సద్ర పసుపు బోర్డు

మా తీరంలో అలల మీద నిలబడటం నేర్చుకున్న ప్రతివాడూ మొదట నెంగా సద్ర చేతిలో ఉప్పునీళ్ళు తాగినవాడే. పిల్లల్ని బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి వెనక నుంచి తోసి, "లేచి నిలబడరా, సముద్రం నిన్ను తినదు, దానికి నీకంటే రుచైనవి బోలెడున్నాయి" అని అరిచేవాడు. అతని పాక నా కొట్టు పక్కనే. నేను అన్నం, చేపల కూర, కాఫీ అమ్ముతాను. అతను బోర్డులు అద్దెకిస్తాడు, విరిగినవి బాగుచేస్తాడు. ఇన్నేళ్ళుగా ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ బతుకుతున్నాం. మంచివాడని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ మంచివాడి కథ కూడా పూర్తిగానే చెప్పాలి.

నీళ్ళలో దిగితే సద్ర నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఒడ్డుకొస్తే మాట పడిపోతుంది. నలుగురిలో నోరు విప్పాలంటే అతనికి గొంతు పెగలదు. అలాంటి మనిషిని తెచ్చి మా బంజార్, అంటే వాడ సంఘం, పెద్దలు ఊరి కాపలాదారుల్లో చేర్చారు. పండగలకి నడుముకి నలుపు తెలుపు గళ్ళ గుడ్డ చుట్టుకుని కూడలిలో నిలబడటం, బళ్ళు ఆపడం, తగవులు తీర్చడం వాళ్ళ పని. బళ్ళు ఆపడం బాగానే చేసేవాడు. తగవు వస్తే మాత్రం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నిలబడేవాడు. చివరికి వాళ్ళే విసుగెత్తి ఇళ్ళకి పోయేవాళ్ళు.

అతని బోర్డులు వెదురు గూటిలో, ఆరుబయట, తాళం లేకుండా ఉండేవి. కావలసినవాడు తీసుకుపోయి, ఆడుకుని, మళ్ళీ తెచ్చి పెట్టేవాడు. తర్వాత తీరానికి జనం పెరిగారు, కొత్త గదులు లేచాయి, ఒక ఏడాది వరసగా బోర్డులు మాయమయ్యాయి. అందులో ఒకటి, గదిలో దిగిన అతిథి ఒకడు నమ్మి అప్పగించి వెళ్ళినది. సద్ర కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడు ఎవరో కుర్ర అతిథి అతనికి ట్రాకర్ల గురించి చెప్పాడు. బొత్తాం అంత ఉంటుంది. చుట్టుపక్కల తిరిగే జనం ఫోన్లు దాన్ని పసిగట్టి, ఎక్కడుందో మన ఫోన్లో చుక్కగా చూపిస్తాయి.

సద్ర దాన్ని బోర్డుకి అంటించలేదు. అంటిస్తే దొంగ పీకి పారేస్తాడు. బోర్డు తోక దగ్గర లోపలి నురుగుని కొద్దిగా తవ్వి, ట్రాకర్ని అందులో పెట్టి, పైన గాజునారతో నేసిన గాజుగుడ్డ వేసి, ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పోసేవాడు. ఆరాక అరగదీస్తే చేత్తో తడిమినా తెలిసేది కాదు. ఇనుప సామాన్లకి పూజ చేసే రోజున ఆ ట్రాకర్లన్నీ కొబ్బరాకు దొన్నెలో పోసి పూజారి ముందు పెట్టాడు. "వీటికి కూడా తీర్థం చల్లాలా?" అని నవ్వాను. "కత్తికి చల్లట్లేదా, మోటారు సైకిలుకి చల్లట్లేదా? ఇవీ పనిచేసేవే" అన్నాడు. పూజారి చల్లాడు కూడా.

అన్నిటికన్నా చివర చేసింది పసుపు బోర్డుని. సద్ర కుర్రాడిగా ఉన్నప్పుడు అతనికి ఈ విద్య నేర్పిన ముసలాయన వదిలిపోయిన పొడవాటి బోర్డు అది. ఊళ్ళో పిల్లలందరూ దాని మీదే నేర్చుకున్నారు. సద్ర దాని పసుపు రంగంతా గీకేసి, తోకలో ట్రాకర్ పెట్టి, రెసిన్ పోసి, ఇంటి వెనక విరిగిన చెత్త సామాను పక్కన ఆరబెట్టాడు. ఇంకా అరగదియ్యలేదు. ఈలోపు పెళ్ళాం ఊళ్ళో కుల దేవత ఉత్సవమని కబురొచ్చింది. ఇంట్లో ముసలి తల్లిని ఉంచి, బోర్డుల గూడు చూస్తూ ఉండమని ఖోలిల్‌కి చెప్పి వెళ్ళాడు.

ఖోలిల్ జావా మనిషి. కూడలి మూలన అద్దె గదిలో పెళ్ళాం, కూతురితో ఉంటూ బక్సో బండి తోసేవాడు. ఆ మాంసపు ఉండల పులుసు తాగందే మా ఊరి పిల్లలకి పొద్దు గూకేది కాదు. ఏడాదికోసారి ఊరంతా నిప్పూ మాటా మానేసే మా మౌనదినం వచ్చిందంటే దీపం వెలుగు బయటికి కనబడకూడదని కిటికీకి దుప్పటి కట్టేవాడు. అతని మతం కాకపోయినా మాకంటే నిష్ఠగా ఉండేవాడు. సద్ర ఊరెళ్ళినప్పుడల్లా బోర్డులకి కాపలా అతనే. అతని కూతురు విల్దా సద్రని "పాక్దే" అని, అంటే పెదనాన్నా అని పిలిచేది.

సద్ర తిరిగొచ్చేసరికి మౌనదినం దగ్గరికొచ్చింది. ముందు రోజు ఊరేగించి కాల్చే దయ్యం బొమ్మని కుర్రాళ్ళు అప్పటికే కూడలిలో, సరిగ్గా ఖోలిల్ గది ముందు నిలబెట్టారు. తాటిచెట్టంత ఎత్తు, గుడ్లు వెళ్ళబెట్టిన మొహం, మోకాళ్ళ దాకా వేలాడే ఎర్రటి నాలుక. విల్దా దాన్ని చూసి బయటికి రానని ఏడుపు. సద్ర ఆ పిల్లని ఎత్తుకుని తీసుకెళ్ళాడు. నేను దండలు కడుతూ చూస్తున్నాను.

"ముట్టుకో, ఏం చెయ్యదు."

విల్దా కళ్ళు మూసుకుని నాలుక కొస తడిమింది. "గట్టిగా ఉంది పాక్దే. ఇక్కడ బొడిపె ఉంది."

"దయ్యం కదా, అబద్ధాలు ఆడుంటుంది. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుంది" అన్నాడు. పిల్ల పకపకా నవ్వింది. మేమందరం నవ్వాం.

మర్నాడు, ఊరేగింపు రోజు పొద్దున్న, ఇంటి వెనక్కి వెళ్తే పసుపు బోర్డు లేదు. సద్ర ఫోన్ తెరిచాడు. చుక్క కూడలిలో ఉంది. ఫోన్ పటంలో సరిగ్గా ఖోలిల్ గది మీద, మేకు దిగ్గొట్టినట్టు.

అక్కడితో నోరు మూసుకుని ఖోలిల్‌ని ఒంటరిగా అడిగి ఉంటే సరిపోయేది. కానీ సద్ర మొహం మాడ్చుకుని నిలబడితే కుర్రాళ్ళ నాయకుడు వినర్త ఏమైందని అడిగాడు, ఇతను ఫోన్ చూపించాడు. వినర్త చెడ్డవాడు కాదు. అప్పటికి రెండు రోజులుగా నిద్ర లేదు, వెనక పదిమంది కుర్రాళ్ళున్నారు. అందరూ కలిసి వెళ్ళారు. బూరెల కోసం నేను బజారుకెళ్ళి తిరిగొస్తుంటే కేకలు వినబడ్డాయి.

"పసుపు బోర్డు ఎక్కడ పెట్టావ్?" అంటున్నాడు వినర్త.

"ఏ బోర్డు తమ్ముడూ? గూట్లో ఉన్నవన్నీ ఉన్నాయిగా. లెక్క చూసుకోండి."

"గూట్లోది కాదు, ఇంటి వెనకది. బోర్డులకి కాపలా కాస్తూనే ఇల్లు దోచావన్నమాట."

గదంతా తిరగేశారు. పరుపు బయట పడేశారు. ఏమీ దొరకలేదు. దొరకకపోతే లేదని అనుకోవాలి కదా, "అమ్మేశాడు" అన్నారు. ఎవరో బండిని తన్నారు. పులుసు కూడలి అంతా పారింది, మాంసపు ఉండలు దుమ్ములో దొర్లాయి. విల్దా తల్లి కొంగు పట్టుకుని వాటినే చూస్తోంది.

ఖోలిల్ సద్ర వైపు తిరిగి, అప్పుడు కూడా మర్యాదగా పాక్ అనే పిలిచాడు. "పాక్ సద్రా, మీరు చెప్పండి. నేనెలాంటివాణ్ణో మీకు తెలీదా?"

సద్ర గళ్ళ గుడ్డ కట్టుకునే ఉన్నాడు. ఆ కూడలిలో ఆ పూట అతను ఒక్క మాటంటే కుర్రాళ్ళు ఆగేవాళ్ళు. వినర్త అడిగాడు, "చుక్క ఇక్కడేగా చూపించింది, పాక్?" సద్ర తలూపాడు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. "తలకాయ ఊపడానికేనా నీకా గుడ్డ కట్టింది?" అని అందరి ముందూ అరిచాను. అప్పుడూ నేల చూపులే.

మధ్యాహ్నానికి ఖోలిల్ పెళ్ళాన్ని, కూతుర్ని, రెండు మూటల్ని మోటారు సైకిలు మీద ఎక్కించుకుని జావా పడవలెళ్ళే రేవుకి బయల్దేరాడు. మౌనదినానికి రేవు మూసేస్తారు, అందుకని తొందరపడ్డాడు. వంకరపోయిన బండి అక్కడే ఉండిపోయింది.

పొద్దు వాలాక దయ్యాన్ని భుజాలకెత్తారు. వాయిద్యాలతో చెవులు దిమ్మెక్కిపోతున్నాయి. సద్ర కూడలిలో జనాన్ని పక్కకి తోస్తూ మధ్యలో ఫోన్ చూసుకున్నాడు. చుక్క కదులుతోంది. ఖోలిల్ బోర్డుతో పారిపోతున్నాడనుకున్నాడట. కానీ చుక్క రేవు దారి పట్టలేదు. మనిషి నడకన సముద్రం వైపు వెళ్తోంది. దాని వెంటపడి, జనాన్ని తోసుకుంటూ, శ్మశానం పక్క ఇసుకలోకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కుర్రాళ్ళు బొమ్మ కాళ్ళకి నిప్పు పెట్టేశారు.

సద్ర నా చెయ్యి పట్టుకున్నాడు. బోర్డు దగ్గరలోనే ఉందని ఫోన్ చూపిస్తోంది. అతను ముందుకి చూశాడు, నేనూ చూశాను. వేడికి నాలుక మీది ఎర్ర రంగు పొక్కి ఊడుతోంది. కింద తెల్లటి గాజుగుడ్డ. కొస దగ్గర గుండ్రంగా, అరగదియ్యని రెసిన్ బొడిపె.

"మ్బోక్, అది నాది" అన్నాడు. నన్ను అక్కా అని అంత మెత్తగా అతను ఎప్పుడూ పిలవలేదు.

ఒకసారి అంటించిన దయ్యాన్ని ఆపకూడదు, ఆపినా ఆగదు. నాలుక కాలి ఇసుకలో పడింది. తర్వాత వినర్తని పట్టుకుని అడిగితే సంగతి బయటపడింది. బొమ్మ కోసం బంజార్ కుర్రాళ్ళు ఇంటింటికీ వెళ్ళి వెదురు, పాత కాగితాలు, పనికిరాని సామాను అడిగి తెచ్చుకోవడం ఏటా ఉన్నదే. సద్ర తల్లి, "వెనక చెత్తుంది, పట్టుకుపోండి" అంది. గీకేసిన తెల్ల బోర్డు వాళ్ళకి చెత్తలాగే కనబడింది, ఎర్ర రంగు పూసి నాలుక చేశారు. పసుపు బోర్డు పోయిందంటే దానికీ దీనికీ ఎవరూ ముడిపెట్టలేదు. ముసలావిడని ఎవరూ అడగలేదు.

మర్నాడు మౌనదినం. నిప్పు లేదు, దీపం లేదు, మాట లేదు, బయట మనిషి లేడు. ఫోన్లు కూడా పలకవు. రేవు మూత. ఊరంతటికీ నడవడానికి అనుమతి ఉన్నది కాపలాదారులకే, అందులో సద్ర ఒకడు. నా తడక సందులోంచి చూశాను. పొద్దున్నించి ఆ కూడలి చుట్టూనే తిరుగుతున్నాడు. ఖోలిల్ గది ముందు నిలబడి, దుప్పటి లేని ఆ కిటికీని చూసి, మళ్ళీ నడిచేవాడు. క్షమించమని చెప్పడానికి అవతల మనిషి లేడు, ఉన్నా ఆ రోజు మాట్లాడకూడదు. తిడదామని దాచుకున్న మాటలన్నీ నేను మింగేశాను. జాలేసింది.

మౌనం ముగిసిన మర్నాడు మా దగ్గర ఇంటింటికీ వెళ్ళి తప్పులు మన్నించమని అడిగే రోజు. సద్ర ఎవరింటికీ వెళ్ళలేదు. గళ్ళ గుడ్డ మడిచి పెద్దల గడపలో పెట్టి మొదటి పడవ ఎక్కాడు. వినర్త వస్తానంటే, "రేపు నువ్వు విడిగా వెళ్ళు. నీది నువ్వు చెప్పుకో, నాది నన్ను చెప్పుకోనీ" అన్నాడు.

అవతలి రేవు సందుల్లో బక్సో అమ్మేవాళ్ళని అడుగుతూ పోతే ఖోలిల్ బావమరిది కొట్టు దొరికింది. ఖోలిల్ ఇతన్ని చూశాడు. బల్ల చూపించాడు, గిన్నెలో పులుసు పోసి పెట్టాడు. సద్ర తినలేదు. కొట్టు నిండా జనం ఉన్నారు. లేచి నిలబడి, బోర్డు ఎక్కడుందో, ఎలా కాలిందో, కూడలిలో తను నోరెందుకు తెరవలేదో అందరికీ వినబడేలా చెప్పాడట. జన్మలో నలుగురి ముందు అతను మాట్లాడింది అదే మొదలు.

ఖోలిల్ గరిటె తిప్పుతూనే విన్నాడట. "కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు నన్నెరగరు. మీరెరుగుదురు" అన్నాడట. తిరిగి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

విల్దా బల్ల కింద నుంచి వచ్చి సద్ర మోకాలు పట్టుకుంది. "పాక్దే, నేను ముట్టుకున్న బొడిపేనా అది?"

"అదేనమ్మా."

"మరి అబద్ధమాడింది దయ్యం కాదుగా. ఎవరు?"

సద్ర ఇది నాకు చెప్పి, నా కొట్టు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఏం చెప్పావని అడిగాను. "'నేనే' అన్నాను" అన్నాడు. ఆ పిల్ల అతన్ని నోరు తెరవమని, నాలుక చాపమని, వేలితో తడిమి చూసిందట. "పుండు లేదు నాన్నా" అని తండ్రికి చెప్పిందట. ఖోలిల్ మొహం అటు తిప్పుకుని, చల్లారిన పులుసు పారబోసి, గిన్నెలో మళ్ళీ వేడిగా పోశాడట. అది తిని వచ్చాడు.