పేరు పెట్టి పిలవని టీచరు

జెద్దాలో మాకు లెక్కలు చెప్పిన టీచరు గారు పోయారని మొన్న ఉదయం పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో చూశాను. నిద్రలోనే పోయారట. అందరూ వరసగా దండాలు పెట్టేశారు. నేనూ పెట్టాను. ధహ్రాన్‌లో ఇవాళ నేను ఇంజినీరుగా కూర్చున్న కుర్చీ ఆవిడ వేసిందే మరి.

ఆవిడది గోదావరి జిల్లా. పైన బురఖాలాంటి నల్ల అబాయా, దాని కింద నలగని నేత చీర, వేళ్లకు ఎప్పుడూ సుద్ద. మా క్లాసులో నానా దేశాల ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఈజిప్టు, సిరియా, సూడాన్, అంతే. బెంచీలూ అలాగే వేశారు. ముందు ఇండియా, అందరికంటే వెనక సూడాన్. నాకేమో లెక్కలంటే దడ. "మనవాళ్లకి ఉగ్గుపాలతోనే వస్తాయే లెక్కలు, నీకెందుకు రావు?" అనేవారు. సెలవురోజు ఇంటికి పిలిచి, పులిహోర పెట్టి మరీ నేర్పేవారు. ఆ రుణం నిజం. కాదనను.

సూడాన్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పిల్లకి లెక్కలంటే ప్రాణం. పదకొండో క్లాసులో సైన్సు సెక్షన్‌లో చేరాలని ఆశ. చేర్చడం, చేర్చకపోవడం టీచరు గారి చేతిలో ఉండేది. అర్ధసంవత్సరం పరీక్షలో ఆమే ఫస్టు వచ్చింది. టీచరు గారు నమ్మలేదు. బోర్డు దగ్గరికి పిలిచి, అందరి ముందూ పేపరంతా మళ్లీ చేయించారు. ఆమె ఎక్కడా తడుముకోలేదు. టీచరు గారు డస్టరుతో శుభ్రంగా తుడిచి, బట్టీ పట్టేసిందన్నారు. ముందు బెంచీలు నవ్వాయి.

ఆఖరి పరీక్షలో ఆమె తెల్లకాగితం ఇచ్చింది.

"నే చెప్పలేదుటే? వాళ్లకి చదువెక్కదు" అన్నారు టీచరు గారు నాతో. ఆవిడ మొహంలో అంత తృప్తి నా ఫస్టు క్లాసుకి కూడా చూడలేదు. సూడాన్ ఆ వేసవి తర్వాత బడికి రాలేదు.

ఇప్పుడామె జెద్దాలోనే అత్తరు దుకాణంలో పనిచేస్తోంది. నిన్న ఫోన్ చేసి కబురు చెప్పాను. పోయే ముందు బాధపడ్డారా అని అడిగింది. లేదు, నిద్రలోనే పోయారన్నాను.

"అంత తేలిగ్గానా" అంది.

ఫోన్ పెట్టేశాక ఆ పరీక్ష హాలే కళ్ల ముందు కదిలింది. వెనక బెంచీలో ఒక పిల్ల, మూత తీయని పెన్ను పక్కన పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఎవరో తుడిచేసిన బోర్డు వైపే చూస్తూ కూర్చుంది.