చప్పట్లు కొట్టిన సినిమా

మేం గద్వాల చీరలు నేసేటోళ్లం. నేను మగ్గం మీద కూసుంటే మా ఇంటామె దారం కండెలు చుడ్తది. మాకు ఒక్కతే బిడ్డ. పోయిన ఎండకాలం దాని పదో తరగతి పరీక్షలు అయిపోయినంక ముగ్గురం సినిమాకు పోయినం.

ఆ సినిమాల ఒక పిల్ల, నాయిన వద్దన్న చదువుకే పోతనంటది. "నా బతుకు నన్ను బతకనియ్యి" అని ఆయన మొకం మీదనే అరుస్తది. హాలంత ఈలలు. నేను గూడ చప్పట్లు కొట్టిన. ఆ తండ్రి మరీ మొండోడు, నాకు నచ్చలే. నా బిడ్డ తెర దిక్కు గాదు, నా దిక్కు చూస్తుండె.

తెల్లారి నేను మగ్గం మీద ఉండంగ వచ్చి నిలవడ్డది.

"నాయినా, వనపర్తిల హాస్టల్ల ఉండి ఇంటర్ చదువుత."

"గద్వాలల కాలేజీ లేదా?"

"ఉంది. నాకు ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు."

పోగుల నడుమ దారం అటిటు తీస్కపొయ్యే నాడె నా చేతిలనే ఆగిపోయింది. నేను ఎన్నడు దాన్ని కొట్టింది లేదు. "ఇంట్ల నీకేం తక్కువైంది?" అని అరిచిన.

"మరి నిన్న చప్పట్లెందుకు కొట్టినవు?"

"అది సినిమా" అన్న. అన్నంక ఆ జవాబు నాకే సరిగ అనిపియ్యలే. సినిమాల పిల్లది తప్పు కాకపోతే నా బిడ్డది తప్పెట్లయితది?

ఆ దినం నుంచి మాకిద్దరికి మాటల్లేవు. మా ఇంటామెను అడిగితే, "ఎవరి దిక్కు మాట్లాడాల్నో నాకు గూడ తెలుస్తలేదు" అని కండెలు చుట్టుకుంట కూసున్నది.

పరేషాన్ అయ్యి, ఎవరికీ చెప్పకుండ ఒక్కన్నే మళ్ల అదే సినిమాకు పోయిన. ఈసారి పిల్లను చూడలే, తండ్రినే చూసిన. బిడ్డతోటి మళ్ల ఎట్ల కలిసిండో నేర్చుకుందామని. ఒక పాట వచ్చింది. పాట మొదట్ల కోపంగ ఉన్నడు, అయిపోయేసరికి బిడ్డ తల మీద చెయ్యి పెట్టిండు. నడుమ ఏం మాట్లాడుకున్నరో చూపియ్యనే లేదు. నాకు కావాల్సింది గదే.

ఇంటికొచ్చి బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పిన.

"మళ్ల పోయినవా!" అని నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది. ఎందుకేడుస్తున్నవంటే "తెల్వదు" అన్నది.

ఇంక నేను వద్దనలే. కాలేజీలు తెరిచినంక వనపర్తి హాస్టల్‌కు నేనే తీస్కపోయిన. బస్సు బీచుపల్లి కాడ కృష్ణ దాటుతుంటే అడిగిన: "నా మీద కోపంతోటి పోతున్నవా?"

"కాదు నాయినా."

"మరెందుకు?"

నీళ్ల దిక్కు చూసుకుంట, "నీ దగ్గర ఉంటే నేనింక చిన్నపిల్లనే" అన్నది. నాకు సగమే సమజైంది.

మొన్న సెలవులకు వచ్చింది. తిరిగి పోయే దినం సంచి సర్దకుండ మంచం మీద కూసోని, "పోబుద్ధి అయితలేదు నాయినా" అన్నది. ఉండు అనాల్నా, పో అనాల్నా? నా నోట్ల నుంచి "పో" అనే వచ్చింది. మొకం చిన్నగ చేసుకొని బట్టలు సర్దుకున్నది.

బస్సెక్కిచ్చి ఇంటికొచ్చిన. దాని మంచికే పో అన్ననా, అప్పుడు ఇల్లిడిచి పోతనన్న కోపానికి పో అన్ననా, నాకు తెల్వదు. చేరినంక ఫోన్ చేసి మంచిగనే మాట్లాడింది. ఏం తిన్నవని అడిగిన. పప్పన్నం అన్నది.