గ్యాసుకి గుత్తొంకాయ పథ్యం

కొంచెం ఇటు జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి మీకూ తగులుతుంది. పెడన నుంచి బెజవాడ ఆస్పత్రికి వెళ్లే అవసరం మీకు రాకూడదు గానీ, వస్తే నేను చెప్పేది పనికొస్తుంది.

మా తమ్ముడు సాంబయ్య నేతగాడు. కడుపులో నొప్పంటే బందరులో పరీక్షలు చేయించాం. క్యాన్సరని నాకూ, వాడి భార్య నాంచారమ్మకూ చెప్పారు. వాడికి మేం గ్యాసని చెప్పాం. మా ఇళ్లలో అంతే. పెద్ద జబ్బు పేరు వీధంతటికీ తెలుస్తుంది, జబ్బున్న మనిషికి తప్ప. వింటే గుండె జారిపోతుందని భయం. బెజవాడ డాక్టరు చేత కూడా గ్యాసనే అనిపించాలని మేమిద్దరం మాట్లాడుకునే బయల్దేరాం.

పొద్దున్నే వచ్చే ప్యాసింజరెక్కాం. పెరుగన్నం డబ్బా, నీళ్ల సీసా వెంట పెట్టుకున్నాం. గుడివాడ దాకా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. అక్కడ కూరగాయల బుట్టతో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా సర్దుకుంది.

"ఆస్పత్రికాండీ?"

"అవునండీ, మా తమ్ముడికి గ్యాసు" అన్నాను.

"గ్యాసుకి ఇద్దరాడాళ్లు కాపలా ఏంటండీ? పారిపోతాడా?"

అందరికంటే గట్టిగా మా తమ్ముడే నవ్వాడు. నాంచారమ్మ కిటికీ వైపు తిరిగింది.

తొమ్మిది దాటాక బెజవాడలో దిగాం. స్టేషను బయట ఆటో ఎక్కితే గవర్నర్‌పేట ఎంతో దూరం లేదు. వెళ్లగానే పేరు రాయించుకోండి, టిఫిను తర్వాత. మాకు పన్నెండు దాటాక పిలుపొచ్చింది. వాణ్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి ముందు మేమిద్దరం లోపలికి వెళ్లాం. డాక్టరమ్మది చిన్న వయసు.

"వాడికి జబ్బు పేరు చెప్పకు తల్లీ, తట్టుకోలేడు" అని చేతులు పట్టుకున్నాను.

"అడక్కపోతే చెప్పనండి. అడిగితే మాత్రం అబద్ధం ఆడను. మా డాక్టర్ల పద్ధతి అదే. మందు ఎక్కేది ఆయన ఒంట్లోకి కదా."

"అదే మీ ఇంట్లో అయితేనో?" అంది నాంచారమ్మ ఉక్రోషంగా.

"మావాళ్లూ ఇలాగే చేతులు పట్టుకుంటారండీ" అని ఆ పిల్ల బెల్లు కొట్టింది. వాడు వచ్చి కూర్చున్నాక అడిగింది: "మీ జబ్బు సంగతి మీకు చెప్పమంటారా, మీ అక్కగారికి చెప్పమంటారా?"

వాడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "వాళ్లకి తెలుసు లెండి. గ్యాసన్నవాళ్లు పథ్యం పెట్టాలా వద్దా? వారం నుంచి గుత్తొంకాయ, చేపల పులుసు, ఏదడిగితే అది! మా నాన్న ఆఖరి రోజుల్లో మా అక్క ఇలాగే వండిందండీ."

నేను తల ఎత్తలేకపోయాను.

"పేరు నాకొద్దండి. ఒక్కటి చెప్పండి చాలు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది. కొత్తది అతకమంటారా?"

పడుగంటే నిలువు దారాలు. పాత కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటే అతికితే, ఇక రెండు నెలల నేత. మొదలుపెట్టినవాడే నేత ముగించి, బట్ట కోసి దించాలి. మధ్యలో ఆగిన పడుగు మా ఇంట్లో అరిష్టం.

డాక్టరమ్మ ఆ సంగతంతా వాడి నోటే విని చెప్పింది: "మందు ఎక్కించినప్పుడు నాలుగు రోజులు కూర్చోలేరు. మిగతా రోజుల్లో ఓపికుంటే నేయండి. పూర్తవుతుందని మాత్రం మాటివ్వలేనండి."

నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు మాత్రం బేరం కుదిరినట్టు తలూపాడు.

"అయితే పొట్టి పడుగు చాలు. రెండు చీరలది."

సాయంత్రం బండికే తిరిగొచ్చాం. రద్దీగా ఉంటుంది, ముందే వెళ్లి కూర్చోండి. ఉప్పులూరు దాటాక వాడు ఉన్నట్టుండి, "రంగులు చెప్పండి. ఒకటి నీకు, ఒకటి అక్కకి" అన్నాడు.

"పెళ్లయిన కాణ్ణించీ ఊళ్లోవాళ్లకి నేశావయ్యా, ఇవాళా అడగడం?" అంది నాంచారమ్మ.

"గ్యాసు తగ్గిందిగా."

అది నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, "పసుపచ్చ. ఎర్రంచు" అని. వారం నుంచి వాడి ముందు ఏడవడానికి దానికి వీల్లేకపోయింది. గుడ్లవల్లేరులో మిగిలిన పెరుగన్నం ముగ్గురం పంచుకు తిన్నాం.

"రాత్రికి గుత్తొంకాయ వద్దక్కా, చారు చాలు" అన్నాడు వాడు దిగబోతూ.

పసుపచ్చ చీర కోసి దించాడు. నాది మగ్గం మీదుంది. మీ ఇంట ఎవరూ ఆస్పత్రి గడప తొక్కకుండా, తొక్కినా అడిగిన మాటకి ఉన్నదున్నట్టు జవాబు దొరికి, పట్టిన పని మీ చేతులతోనే ముగించుకుని చల్లగా ఉండండి.