ప్రభు బల్లకు ఇంటి రొట్టె

తొండుపల్లిలో నల్లా నీళ్లు వచ్చే వేళకే జూలీ రొట్టె కలుపుతుంది. బిందె నల్లా కింద పెట్టి ఇంట్లోకి వస్తుంది. అది నిండేలోపు పిండి కలిసిపోతుంది, కుక్కర్ పొయ్యెక్కుతుంది. మిగిలిన బిందెలు నింపుకుని, కూతురికి జడ వేసి, తాను స్నానం చేసి వచ్చేసరికి రొట్టె కాలి ఉంటుంది. గోదాం బస్సు ఎక్కేటప్పుడు ఆమె టిఫిన్ డబ్బాలో రెండు ముక్కలు, వాటి పక్కన ఇంత టమాట పచ్చడి.

గోదాంలో ఆమె పని పార్సిళ్లు కట్టడం. అంతకుముందు ఎయిర్‌పోర్టు దారిలోని ఒక హోటల్లో బేకరీ ట్రేలు కడిగేది. ఈస్ట్ వేసిన పిండి గంటల తరబడి పొంగడం అక్కడ రోజూ చూసింది. అంత తీరిక తన ఇంట్లో లేదని అప్పుడే తేల్చుకుంది. పుల్ల పెరుగు, వంట సోడా పెట్టుకుని తానే మొదలుపెట్టింది. మొదటి రొట్టె ఇటుకలా వచ్చింది, రెండోది మాడింది. తర్వాత దారి దొరికింది. గోధుమపిండి, మైదా సగం సగం, ఉప్పు, కాస్త చక్కెర, సోడా కలిపి ముందే డబ్బాలో పోసి ఉంచుతుంది. పొద్దున దాంట్లో పెరుగు పోయడమే పని. చపాతీ పిండిలా పిసకదు, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి ఆపేస్తుంది. కుక్కర్ అడుగున నీళ్లకు బదులు దొడ్డుప్పు పరిచి, దాని మీద పిండి గిన్నె పెట్టి, విజిల్, రబ్బరు తీసేసి, సన్నని మంట పెడుతుంది.

ఆ రొట్టెను చర్చిలో ప్రభు బల్ల మీద పెట్టాలన్న కోరిక ఆమెకు ఎప్పుడు పుట్టిందో ఆమే చెప్పలేదు. నెలకోసారి, మొదటి ఆదివారం నాడు, రొట్టె విరిచి సంఘమంతా పంచుకునే ఆ సంస్కారం జరుగుతుంది. దానికి బ్రెడ్డు సంఘ పెద్ద మార్కు శనివారం సాయంత్రమే శంషాబాద్ బేకరీ నుంచి తెచ్చేవాడు. ఏళ్లుగా ఆ పని ఆయనదే, ఒక్క నెల కూడా తప్పలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక జూలీ లేచి, రొట్టె ఇక ఆడవాళ్లం వంతులవారీగా ఇంట్లో చేస్తామంది.

మార్కు కాదనలేదు కానీ ఔననీ అనలేదు.

"మంచిదేనమ్మా. గని మీరంత డ్యూటీలు చేసేటోళ్లు. ఒకరిది పొద్దుగాల, ఒకరిది రాత్రి. తీరిక ఏడిది? ఒక్క ఆదివారం రొట్టె అందకపోతె బల్ల ఆగుతది."

"అందకపోవుడు ఉండదన్నా. జిమ్మ నాది, నేను చూసుకుంట."

"సరే. వచ్చే నెల నీదే. చూద్దాం. అది తప్పితె ఇగ బేకరీదే. మళ్ల అడగొద్దు."

ఇంటికి నడుస్తున్నంతసేపూ 'తీరిక ఏడిది' అన్న మాటే ఆమె చెవుల్లో తిరిగింది. ఇంటి పనంతా ముగించి బస్సెక్కే ఆడదానికి ఆ మాట కొత్త కాదు. ఆమెకు ఈసారి మాత్రం దాన్ని ఊరికే వదిలేయబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. ముందురోజు రాత్రి డ్యూటీకి వెళ్లిన జూలీ తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి. గోదాంలో లారీ ఆలస్యంగా రావడంతో ఎవరినీ వదల్లేదు. ఆరాధన పదింటికి. జూలీ పక్కింటి యేసమ్మకు ఫోన్ చేసింది. యేసమ్మ వయసులో పెద్దది, అదే సంఘం మనిషి. జూలీ రొట్టె ఎన్నోసార్లు తిన్నది కానీ ఎన్నడూ చేయలేదు.

"అక్కా, మా బిడ్డ తలుపు తీస్తది. డబ్బాల పిండి ఉంది. దాంట్ల పెరుగు పొయ్యి, కలిపినంక జర కూడ ఆగకు, కుక్కర్ల పెట్టెయ్."

"గంతేనా? పెడత తియ్యి."

ఎనిమిదిన్నరకు జూలీ ఇంట్లో అడుగు పెట్టింది. యేసమ్మ గర్వంగా గిన్నె మూత తీసింది. లోపల తెల్లగా, తడిగా, మెత్తగా ఒక ముద్ద.

"ఏందక్కా గిది? కుడుము లెక్క ఉంది!"

"నువ్వే గద కుక్కర్ల పెట్టుమన్నవు. పెట్టిన."

"నీళ్లు పోసినవా?"

"నీళ్లు లేకుంట కుక్కర్ ఎవరన్న పెడ్తరా? నలభై ఏండ్ల సంది వండుతున్న. నీళ్లు వద్దని నువ్వు చెప్పినవా?"

నిజమే, జూలీ ఆ మాట చెప్పలేదు.

డబ్బా ఖాళీ. పెరుగు గిన్నె కూడా ఖాళీ. "శామ్‌ను బండి మీద బేకరీకి తోలాల్నా?" అని యేసమ్మ అడిగింది. శామ్ ఆమె కొడుకు. బేకరీ బ్రెడ్డు బల్ల మీదికి వస్తే మార్కు ఒక్క మాటా అనడని జూలీకి తెలుసు. అనాల్సిన పనే ఉండదు.

"వద్దు. నువ్వు కుక్కర్ తుడువు."

నీళ్లు పారబోశారు. కుక్కర్‌ను పొడిగా తుడిచి ఉప్పు పరిచారు. జూలీ విజిల్, రబ్బరు తీసేసి, ఆ తెల్ల ముద్దను గిన్నెతో సహా మళ్లీ లోపల పెట్టింది. స్నానానికి వెళుతూ, "మూత ముట్టకు. ప్రార్థన చేస్తె చెయ్యి" అంది.

"చేస్తనే ఉన్న. నువ్వు పో!"

ఆమె తెల్ల చీర కట్టుకుని వచ్చి చాకు గుచ్చి చూసింది. చాకు శుభ్రంగా బయటికి వచ్చింది. పైన గోధుమరంగు తిరిగింది. అంచులు గట్టిపడ్డాయి. ఇద్దరూ తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె పట్టుకుని, మొదటి పాట మొదలయ్యేలోపే చర్చిలో ఉన్నారు.

పాస్టరు అయ్యగారు నెత్తిమీద విమానం దాటిపోయేదాకా ఆగి, ప్రార్థన చేసి, రొట్టె విరిచారు. ఎప్పుడూ ఆ క్షణంలో బేకరీ బ్రెడ్డు పొడి బల్ల మీద గుడ్డపై రాలేది. ఆరాధన అయ్యాక ఒక్క రవ్వ కూడా కింద పడకుండా, తడివేలితో అద్ది తీయడం మార్కు ఏళ్లుగా చేస్తున్న సేవ. ఆ రోజూ ఆయన వేలు తడిపి వంగాడు. గుడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఏమీ లేదు. ఆవిరికి లోపల బిగిసిన రొట్టె ముక్కలు ముక్కలుగా విరిగిందే గాని పొడి కాలేదు.

ఆయన జూలీ దగ్గరికి వచ్చాడు. "పొడి రాలలేదు. ఎట్ల చేసినవమ్మా?"

జూలీ యేసమ్మ వైపు చూసింది. "ఆమె చేసిందన్నా. ముందుగాల నీళ్లు పోసి ఉడకబెట్టింది. నేను ఒట్టిగ కాల్చిన, అంతే. నేనైతె ఉడకబెట్టకుంటనె కాలుస్తుంటి."

"మరేమనుకున్నవ్?" అంది యేసమ్మ, కొంగు సర్దుకుంటూ. "నీళ్లు పోసినందుకు పొద్దున నా మీద ఒర్రింది చూడు, మార్కన్నా!"

మార్కు నవ్వాడు. తడిపిన వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. "డ్యూటీ చేసొచ్చి చేసినవా?"

"ఔనన్నా. గోదాంల లారీ ఆలస్యమైంది."

ఆయన వెనక్కి తిరిగి, చెప్పులు వేసుకుంటున్న తన కోడలిని పిలిచాడు.

వచ్చే మొదటి ఆదివారం వంతు ఆ కోడలు స్వర్ణలతది. కుక్కర్ జూలీ ఇంటి నుంచే వెళుతుంది. నీళ్లు ఎంతసేపు, ఉప్పు ఎంతసేపు అన్నది దగ్గరుండి చూపించేది యేసమ్మ.